ఎదురుగా రా బిడ్డా

సరూర్‌నగర్,
ఆదివారం పొద్దున

బిడ్డా,

ఈ కాలంలో ఉత్తరం ఏంటి నాన్నా అని నవ్వుతావు. మన ఇల్లు నీకు తెలియనిదా? ఉన్నవి రెండు గదులు. నేను బయట వరండాలో నిలబడి మెల్లగా మాట్లాడినా మీ అమ్మకి వినపడుతుంది. అదీగాక ఇది నోటితో చెప్పాల్సి వస్తే సగంలోనే ఆపేస్తాను. అందుకే నీ ఇంజనీరింగ్ నోట్‌బుక్‌లో మిగిలిన కాగితాలు చించి కూర్చున్నా.

మొన్న ఫోన్‌లో అమ్మ జబ్బు గురించి "నాకూ వస్తుందా నాన్నా" అని అడిగి, వెంటనే "ఊరికే అడిగాలే" అన్నావు. ఊరికే అడగలేదని నాకు తెలుసు. కాబట్టి అది ముందు చెప్పేస్తా. తల్లి నుంచి బిడ్డకి నేరుగా దిగే జబ్బు కాదు ఇది. డాక్టరమ్మని నేను మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ అదే చెప్పింది. మన ఒంటి కాపలా వ్యవస్థ మన మీదే తిరగబడే జబ్బులు కొన్ని ఇళ్లల్లో కాస్త ఎక్కువగా కనిపిస్తాయట. అందుకని ఏడాదికోసారి షుగర్, థైరాయిడ్ చూపించుకోమంది. దానికి టెన్షన్ పడొద్దు.

జబ్బు పేరు స్టిఫ్ పర్సన్ సిండ్రోమ్. అంటే ఒళ్లు బిగుసుకుపోయే జబ్బు. పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుందట. మన హైదరాబాద్‌లో కోటి మంది ఉన్నారనుకుంటే పదిమందో ఇరవైమందో. ఆ ఇరవైమందిలో మీ అమ్మ ఉంటుందని ఎవరు అనుకుంటారు చెప్పు? ఆడవాళ్లలో మగవాళ్ల కంటే రెట్టింపు కనిపిస్తుందట. కానీ 1956లో అమెరికాలో మోర్ష్, వోల్ట్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు దీని గురించి మొదటిసారి రాసినప్పుడు "స్టిఫ్ మ్యాన్" అని పేరు పెట్టారు. వాళ్లు 32 ఏళ్లలో చూసింది 14 మందిని. తర్వాత ఎప్పుడో మ్యాన్ తీసేసి పర్సన్ చేశారు. ఆడవాళ్ల రోగానికి మగపేరు పెట్టారా అని మీ అమ్మ నవ్వింది. ఆసుపత్రి మంచం మీద అది ఆమె మొదటి నవ్వు.

నువ్వు పంపిన వీడియోలో పాడిన సెలీన్ డియోన్‌ది కూడా ఇదే. 2022 డిసెంబరులో ఆమె తన జబ్బు సంగతి లోకానికి చెప్పింది. 2024 జులైలో పారిస్ ఒలింపిక్స్ మొదలైన రోజు ఈఫిల్ టవర్ మీద నిలబడి పాడింది. ఆమె ఆ మాట బయటపెట్టేనాటికి మీ అమ్మకి మొదలై మూడేళ్లు దాటింది బిడ్డా. ఆ వార్త మన టీవీలో కూడా వచ్చే ఉంటుంది. నేను చూస్తూ అన్నం తినే ఉంటాను.

2019లో మొదట నడుం పట్టేసింది. ఎముకల డాక్టర్ డిస్క్ అన్నాడు. స్కాన్‌లో ఏమీ లేదు. బెల్టు, కాపడం, నూనె, ఫిజియోథెరపీ, అన్నీ అయ్యాయి. పొట్ట కొయ్యపలకలా గట్టిపడింది, నడుం లోపలికి వంగింది, నిండు చూలాలు నిలబడ్డట్టు నిలబడేది. వయసు మీద పడుతోంది అనుకున్నాం. యాభైకి ఏం వయసు!

తర్వాత రోడ్లు మొదలయ్యాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో పిల్లర్ల కింద రోడ్డు దాటాలంటే ఆగిపోయేది. ఒకరోజు సగం దాటాక బస్సు హారన్ కొట్టింది. అంతే, రెండు కాళ్లూ భూమిలో పాతేసినట్టు ఆగిపోయింది. నేను అవతలి గట్టు మీదున్నా. బండ్లన్నీ ఆగి తిడుతున్నాయి. నేనేం చేశానో తెలుసా? "నడిరోడ్డు మీద ఈ నాటకాలేంటి" అని అరిచాను. ముప్ఫై ఏళ్లు హయత్‌నగర్ డిపోలో పనిచేసినవాడిని, బస్సు హారన్‌కి మనిషి అలా కొయ్యబారిపోతుందంటే నాకెలా ఎక్కుతుంది? దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకోబోతే వద్దంది. నా చొక్కా అంచు రెండు వేళ్లతో పట్టుకుంది. దాంతో నడిచింది! అది చూసి నాకు ఇంకా కోపమొచ్చింది. చొక్కా పట్టుకుంటే నడవగలిగిన మనిషికి జబ్బేంటి, ఇది పిరికితనం కాకపోతే ఏంటి అనుకున్నా. ఈ జబ్బున్న చాలామందికి అంతేనట. చుట్టూ ఖాళీగా ఉంటే కాలు కదలదు, పక్కన గోడో మనిషో ఉంటే కదులుతుంది. ఏ చప్పుడుకి ఒళ్లు పట్టేస్తుందో తెలియనప్పుడు రోడ్డంటే భయపడక ఏం చేస్తారు! భయం జబ్బు వెనకాల వచ్చింది. మేం దాన్ని ముందుకి తెచ్చి నిలబెట్టాం.

నీ పెళ్లి సంగతి కూడా రాయాలి. నీకు అది గుచ్చుకుంటుందని తెలుసు. బరాత్‌లో తీన్మార్ అందుకోగానే అమ్మ ఫంక్షన్ హాల్ మెట్ల మీద బిగుసుకుపోయి, మాను పడ్డట్టు వెనక్కి పడింది. చేతులు కూడా ఆనించుకోలేదు. మామూలు మనిషి పడేటప్పుడు చేతులు వాటంతటవే ముందుకొస్తాయి, ఆమెకి రావు. తల వెనక నాలుగు కుట్లు పడ్డాయి. నీ అత్తగారి వైపు ఎవరో మూర్ఛ అన్నారు, మన మేనత్త గాలి సోకిందంది, తాయెత్తు కట్టించింది. నేను కాదనలేదు. నువ్వు "ఇవాళ కూడానా అమ్మా" అన్నావు. ఆ మాట నిన్ను తింటోందని అల్లుడు చెప్పాడు. బిడ్డా, నువ్వు పెళ్లిపీటల మీద నుంచి లేచొచ్చిన పిల్లవి, ఒక్క మాట అన్నావు. నేను నాలుగేళ్లు అన్నాను.

ఇక అసలు తప్పు దగ్గరికొస్తా. పెళ్లయ్యాక మనసు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం కదా. ఆయన భయం తగ్గడానికి డయాజిపామ్ ఇచ్చాడు. వారంలో అమ్మ తేలికపడింది. వంగి చెప్పులు వేసుకుంది. ఇంకేముంది, భయం గోళీతో తగ్గింది కాబట్టి అది భయమే అని ఇంటిల్లిపాదీ తీర్మానించాం. ఆమె కూడా నమ్మింది పాపం. "నేనే ఊరికే భయపడుతున్నా, మిమ్మల్ని బాధపెడుతున్నా" అనేది. ఆ గోళీ భయానికే కాదు, బిగిసిన కండరానికీ పనిచేస్తుందని, ఈ జబ్బుకి డాక్టర్లు ముందు ఇచ్చే మందుల్లో అదొకటని మాకేం తెలుసు?

రెండేళ్లు వాడాక ఇలాంటి గోళీలకి అలవాటు పడిపోతారని ఎవరో అన్నారు. ఆపేయించింది నేనే. మెల్లగా తగ్గించలేదు, ఒక్కసారిగా డబ్బా తీసుకెళ్లి చెత్తలో పడేశా. మూడో రాత్రి రెండింటికి కేక వినిపించింది. లేచి చూస్తే ఒళ్లంతా విల్లులా వంగి, పళ్లు బిగించి, కళ్లల్లో మాత్రం పూర్తి తెలివితో నన్నే చూస్తోంది. ఇలా ఒళ్లంతా పట్టేసే మూర్ఛలో తెలివి ఉండదు కదా. ఈమెకి అంతా తెలుస్తోంది. ఆ చూపు నాకిప్పటికీ నిద్రలో వస్తుంది. ఎవరికీ, ఏ కారణంతోనూ, ఈ మందులు ఒక్కసారిగా ఆపకూడదు. ఈ ఉత్తరంలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇది గుర్తుపెట్టుకో.

ఆ రాత్రి ఆసుపత్రిలో నరాల డాక్టరమ్మ చూసింది. మీ ఈడు పిల్ల. అమ్మని నిలబెట్టి పక్క నుంచి నడుం చూసింది, పొట్ట నొక్కింది, షుగర్ ఎప్పటి నుంచి అని అడిగింది. నలభై అయిదుకి వచ్చిందని, రెండేళ్లకే గోళీలు పనిచేయక ఇన్సులిన్ మొదలుపెట్టారని చెప్పా. ఆమె తల పైకెత్తి నా వైపు చూసింది. నడుం నొప్పికీ షుగర్‌కీ లంకె ఏంటి అనుకున్నా.

మర్నాడు ఈఎంజీ, అంటే కండరాల కరెంటు చూసే పరీక్ష. నన్ను లోపల ఉండనిచ్చారు. సన్నటి సూదిని నడుం పక్క కండరంలో గుచ్చారు, యంత్రానికి చిన్న స్పీకర్ ఉంది. కండరం పనిచేస్తే చప్పుడొస్తుంది, వదులుగా పెడితే నిశ్శబ్దం. "వదిలేయండమ్మా, హాయిగా పడుకోండి" అన్నారు. అమ్మ కళ్లు మూసుకుంది, ఊపిరి వదిలింది. చప్పుడు ఆగలేదు. రేకుల మీద వాన పడుతున్నట్టు ఒకటే దడదడ. పొట్టలో గుచ్చినా అదే వాన. నడుం లాగితే పొట్ట వదలాలి, పొట్ట లాగితే నడుం వదలాలి, ఇక్కడ రెండూ ఒకేసారి లాగుతున్నాయి. ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పిన బతుకు నాది. తాళం తీసేశాక కూడా ఇంజన్ తిరుగుతూనే ఉంది బిడ్డా. నాటకమాడే మనిషి వల్ల అది కాదు. అక్కడే నమ్మాను.

రక్తం కూడా పంపారు. పది రోజులకి వచ్చిన కాగితంలో గాడ్ యాంటీబాడీలు 2000కి పైన అని ఉంది, ఆ పరీక్ష అంతకు మించి లెక్కపెట్టదట. డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. కండరాల్ని కదపమనే సంకేతాలు మెదడు నుంచి ఎప్పుడూ వస్తుంటాయి. చాలు, ఆగు అని చెప్పే పదార్థం పేరు గాబా. దాన్ని తయారుచేసే ఎంజైమ్ గాడ్. మన ఒంటి కాపలావాళ్లు, అంటే ఆ యాంటీబాడీలు, దాన్నే దొంగ అనుకుని వెంటపడుతున్నారు. అదే గాడ్ ఇన్సులిన్ చేసే కణాల్లోనూ ఉంటుంది. షుగర్ సంగతి ఆమె ఎందుకడిగిందో అప్పుడర్థమైంది. ఈ యాంటీబాడీలే నేరుగా అంతా చేస్తున్నాయా, ఇంకేదైనా ఉందా అన్నది పెద్ద డాక్టర్లు ఇంకా తేల్చలేదట. గాబా పని దెబ్బతింటోందన్నది మాత్రం ఖాయం.

"బ్రేక్ ఫెయిలైనట్టు అంకుల్" అంది. నేనూరుకుంటానా? "బ్రేక్ ఫెయిల్ కాదమ్మా, గాలి లీక్" అన్నా. ఎయిర్ బ్రేక్ బండిలో వెనక చక్రాల దగ్గర గట్టి స్ప్రింగ్ ఉంటుంది, దాన్ని గాలి నొక్కి ఉంచితేనే చక్రం తిరుగుతుంది. గాలి తగ్గిందా, స్ప్రింగ్ తన్నుకొచ్చి చక్రాన్ని పట్టేస్తుంది, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి కదలదు. గాబా అంటే ఆ గాలి. ఆమె పెన్ను పక్కన పెట్టి విన్నది. మిగతా పేషెంట్లకి ఇదే చెప్తానంది. నీకు నవ్వొస్తుందేమో గానీ ఆ ఒక్క రోజు నా డిపో చదువు పనికొచ్చింది.

ఇప్పుడు డయాజిపామ్, కండరాల్ని వదులు చేసే బాక్లోఫెన్ రోజూ. నెలకోసారి ఐవీఐజీ ఎక్కిస్తున్నారు. వేలమంది దానం చేసిన ప్లాస్మా నుంచి తీసే మందు అది. కిలో బరువుకి రెండు గ్రాముల లెక్కన అమ్మకి 120 గ్రాములు, అంటే అయిదు గ్రాముల సీసాలు 24. రెండు రోజులు పడుతుంది. ధర గురించి రాయను, ఆ సంగతి నేనూ అల్లుడూ మాట్లాడుకున్నాం. ఇది పనిచేస్తుందని 2001లో 16 మంది మీద పరీక్షించి చూపించారట. పదహారుమందేనా అన్నాను. ఇంత అరుదైన జబ్బుకి ఆ పదహారుమందిని పోగేయడమే గొప్ప అంది డాక్టరమ్మ. పూర్తిగా పోదు. కానీ నిన్న సాయంత్రం సందు చివర దాకా ఒక్కతే వెళ్లి కరివేపాకు తెచ్చింది. కుక్క మొరిగితే ఆగిందట, గోడ పట్టుకుందట, మళ్లీ నడిచిందట. వచ్చి గొప్పగా చెప్పింది.

నిద్రలో మాత్రం అంతా వదులుగా ఉంటుంది. అర్ధరాత్రి లేచినప్పుడు నడుం మీద చెయ్యి వేసి చూస్తా. మెత్తగా, నీ చిన్నప్పుడు ఎలా ఉండేదో అలా. తెల్లారి కళ్లు తెరిచిన కాసేపటికే మళ్లీ కొయ్య. ఆమెకి నేను క్షమించమని ఇంకా చెప్పలేదు. చెప్పడం రావట్లేదు.

ఇల్లు కొంచెం మారింది, వచ్చేముందు తెలిస్తే మంచిది. కుక్కర్ అటక మీదకెక్కింది, అన్నం గంజి వార్చే వండుతున్నాం. బెల్లు తీగ పీకేశా. గేటు గొళ్లేనికి పాత ట్యూబు ముక్క చుట్టా. వినాయకుడి నిమజ్జనం మూడు రోజులు డీజేల గోల భరించలేదని ఘట్‌కేసర్‌లో చిన్నమ్మ వాళ్లింట్లో పెట్టా, ఈసారీ అంతే. నువ్వు బెంగళూరు నుంచి దిగగానే ఉరికొచ్చి వెనక నుంచి కావలించుకుంటావు, చిన్నప్పటి నుంచీ అంతే. ఈసారి వద్దు. సందు మొదట్లో ఫోన్ చెయ్యి, నేను చెప్తా, ఆమె సిద్ధంగా ఉంటుంది. ఎదురుగా రా, కనపడుతూ రా, తర్వాత ఎంతసేపు పట్టుకున్నా ఏం కాదు. ఒకవేళ బిగుసుకుపోతే కాళ్లూ చేతులూ లాగి సరిచేయాలని చూడకు. తల కింద చెయ్యి పెట్టి, మెల్లగా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. వదులుతుంది. మాటలన్నీ వింటూనే ఉంటుంది, కాబట్టి ఏడవకు.

ఇప్పుడే లోపల నుంచి వచ్చి ఏం రాస్తున్నావంది. పీఎఫ్ ఆఫీసుకి అన్నా. "పీఎఫ్ ఆఫీసుకి ఆరు పేజీలా?" అని వెళ్లిపోయింది. గుమ్మం పట్టుకుని వెనక్కి తిరిగి, "చల్ల మిరపకాయలు ఎండబెట్టా, అల్లుడికి డబ్బా తెచ్చుకోమను, అది కూడా రాయి" అంది.

రాశాను.

నాన్న