కృష్ణారెడ్డి పేరిట ఒక ముద్రణ స్టూడియో

సంపాదకులకు,

చిత్తూరు ప్రాంతంలోని నందనూరులో పుట్టి, ప్రపంచ ప్రింట్‌మేకింగ్‌లోనే (చెక్కిన పలకల నుంచి కాగితంపై బొమ్మలు అచ్చొత్తే కళ) పెద్ద పేరైన కృష్ణారెడ్డి శతజయంతి 2025లో వచ్చి వెళ్లింది. ఇకనైనా ఆయన స్మారకం గురించి సాంస్కృతిక శాఖ ఆలోచిస్తే, దయచేసి కూడలిలో విగ్రహంతో సరిపెట్టవద్దు. స్వయంగా శిల్పి అయిన మనిషికి అది మరీ అన్యాయం.

శాంతినికేతన్‌లో ప్రసిద్ధ చిత్రకారుడు నందలాల్ బోస్ దగ్గర చదివిన ఆయన పనితనం పదునెక్కింది పారిస్‌లోని అటెలియర్ 17లో. హేటర్ అనే ఆంగ్ల చిత్రకారుడు 1927లో నెలకొల్పిన ఆ ముద్రణ స్టూడియోలో పికాసో, మీరో వంటి పేరున్న చిత్రకారులు కూడా పనిచేశారు. అక్కడ గురుశిష్యుల తేడా తక్కువ. ఒకరికి తట్టిన ఉపాయం పక్క బల్ల దగ్గరివారికీ అందేది. రంగుల ముద్రణకు మామూలుగా రంగుకో పలక కావాలి. కృష్ణారెడ్డి, అక్కడే పనిచేసిన మరో భారతీయ కళాకారుడు కైకో మోతీ తదితరులు ఒకే లోహపు పలకను వేర్వేరు లోతుల్లో చెక్కి, అన్ని రంగులనూ ఒకేసారి అచ్చొత్తే పద్ధతిని రూపొందించారు. అవిసె నూనె ఎక్కువ కలిపిన పల్చని రంగును గట్టి రోలరుతో పైతలానికి పూస్తారు. ఆపై చిక్కని రంగును మెత్తని రోలరుతో నడిపిస్తే, అది నూనె పట్టిన చోట అంటదు, లోతుల్లోకి దిగుతుంది. నూనె పాళ్లు కాస్త మారినా రంగులు కలగాపులగమే! ఎన్ని పలకలు పాడైతే ఇది చేతికి వస్తుందో ఊహించవచ్చు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని సాధించేది కాదు.

మన దగ్గర లలితకళల కళాశాలల్లో ఎచింగ్ (లోహపు పలకపై ఆమ్లంతో బొమ్మ చెక్కి అచ్చొత్తే పద్ధతి) నేర్చుకున్నవారికి చదువు ముగియగానే ప్రెస్సు దూరమవుతుంది. అంత బరువైన యంత్రాన్ని సొంతంగా కొని, అద్దె గదిలో పెట్టుకోగలిగేదెవరు? ఆమ్లం పొగలను ఇంటి యజమాని సహిస్తాడా? కేంద్ర లలితకళా అకాడమీ ఢిల్లీలోని గఢీలో ఇలాంటి వారి కోసం ఉమ్మడి స్టూడియో నడుపుతోంది. అటువంటిదే చిత్తూరులోనో, తిరుపతిలోనో పెట్టవచ్చు. కొత్త భవనం కూడా అక్కర్లేదు. ఖాళీగా ఉన్న ప్రభుత్వ భవనం, రెండు ప్రెస్సులు, పొగ బయటికిపోయే ఆమ్లపు గది, నామమాత్రపు రుసుము చాలు. అయితే యంత్రాలు కొనేముందే వాటిని చూసుకునే సాంకేతిక సహాయకుడి పోస్టు మంజూరు చేయాలి. లేకుంటే ప్రారంభోత్సవం ఫోటోలు మిగులుతాయి, రోలర్లు ఎండిపోతాయి.

— ఒక చిత్రలేఖనం ఉపాధ్యాయుడు, చిత్తూరు