కళాశాల గ్రంథాలయాల్లోని పాత పుస్తకాల గురించి ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. కోస్తాలోని ఒక పాత కళాశాలలో తెలుగు బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుణ్ణి. ఇటీవల అక్కడి గ్రంథాలయంలో నూరేళ్లు దాటిన మాసపత్రిక సంపుటాన్ని తెరవబోతే, పుట అప్పడంలా విరిగి చేతిలోనే పొడి అయింది. ఆ ముక్కలను కవరులో పెట్టి గ్రంథపాలకురాలికి అప్పగించాను.

ఇది ఆమె అశ్రద్ధ కాదు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి అచ్చుకు విరివిగా వాడిన కలప గుజ్జు కాగితంలోనే ఆమ్లం ఉంది; అది కాగితపు నారను లోపలి నుంచి తినేస్తుంది. మన తీరపు ఉక్క ఆ పనిని త్వరపెడుతుంది. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిచిందంటే బూజు పడుతుంది, పురుగు చేరుతుంది. చిరిగిన పుటలకు మేము ప్రేమతో అంటించిన సెల్లో టేపు కూడా కీడే చేసింది: దాని జిగురు కాగితంలోకి ఇంకి, గోధుమరంగు మరకై అక్షరాలను కప్పేసింది. అక్కడ వాడవలసినవి పలుచని జపాన్ కాగితం, పిండి జిగురు. ఆ సంగతి మాకు చెప్పినవారు లేరు.

చేతిరాత ప్రతుల కోసం కేంద్రం 2003లో జాతీయ మిషన్ నెలకొల్పింది. 1960 నాటి రాష్ట్ర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే సెస్సు పౌర గ్రంథాలయాలకు వెళుతుంది. కళాశాల బీరువాలోని అచ్చు పుస్తకం ఈ రెండింటి కిందికీ రాదు. దాన్ని కొనడానికి పద్దు ఉంది గాని కాపాడడానికి లేదు.

స్కానింగ్ చేయిస్తే సరిపోతుందని కొందరంటారు. అదీ అవసరమే, అయితే పెళుసుబారిన పుస్తకాన్ని బల్లపరుపుగా తెరిచి నొక్కితే అదే దాని ఆఖరి చదువు అవుతుంది. ముందు మరమ్మతు, ఆ తరువాతే స్కానింగ్ జరగాలి.

అందువల్ల కళాశాల గ్రంథాలయాల బడ్జెట్‌లో సంరక్షణకు ప్రత్యేక పద్దు తెరిపించండి. ప్రతి విశ్వవిద్యాలయం పరిధిలో ఒక మరమ్మతు గది ఏర్పాటు చేయించి, ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) ఇచ్చే స్వల్పకాలిక శిక్షణకు ఇద్దరేసి ఉద్యోగులను పంపించండి. వీటికి సమయం పట్టవచ్చు. ఒక్క ఉత్తర్వుకు మాత్రం ఖర్చు లేదు: 1950కి ముందు అచ్చయిన ఏ పుస్తకాన్నీ ఆయా విషయాల అధ్యాపకులు పరిశీలించకుండా తొలగింపు జాబితాలో చేర్చరాదని అన్ని కళాశాలలకు తెలియజేయండి. వానలు మొదలై మరికొన్ని పుటలు బూజు పట్టేలోగా ఆ ఉత్తర్వు వెలువడేలా చూడాలని వేడుకొంటున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు