చిమ్నీ దగ్గర సున్నా ఎలా అవుతుంది?

సంపాదకులకు నమస్కారం.

థర్మల్ ప్లాంట్లలో బొగ్గుతో కలిపి పంట వ్యర్థాల పెల్లెట్లు (నొక్కి చేసిన గుళికలు) కాల్చాలన్న కేంద్ర విధానం మీద పత్రికల్లో తరచూ వార్తలు వస్తున్నాయి. దాదాపు అన్నిట్లోనూ ఒకటే మాట: బయోమాస్, అంటే మొక్కల నుంచి వచ్చే ఇంధనం, కాలిస్తే కార్బన్ లెక్కలోకి రాదు, అది సున్నా. నేను అనకాపల్లి వైపు ఒక సహకార చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. సర్వీసంతా చెరకు పిప్పి కాల్చడమే నా పని. ఈ సున్నా కొన్నిటికి చెల్లుతుంది, కొన్నిటికి అస్సలు చెల్లదు. ఏది తెచ్చి పొయ్యిలో వేశారో చూడకుండా అన్నిటికీ ఒకే సున్నా వేయడం మీదే నా అభ్యంతరం.

పిప్పికి చెల్లుతుంది. చివరి మిల్లు నుంచి వచ్చిన పిప్పిని పిడికిట్లో పట్టి పిండితే అరచెయ్యి తడుస్తుంది. బరువులో ఇంచుమించు సగం నీళ్లే. అయినా అది ఫ్యాక్టరీ గేటు దాటి ఎక్కడికీ పోదు. క్యారియర్ మీద నేరుగా బాయిలర్‌కి వస్తుంది, దాని ఆవిరితోనే మిల్లు తిరుగుతుంది, రసం మరుగుతుంది. మన వైపు బెల్లం వండే రైతు కూడా అంతే, గానుగ ఆడగా మిగిలిన పిప్పిని కళ్లంలో ఆరబెట్టి, బెల్లం పొయ్యిలో వేసుకుంటాడు. చెరకు ఏడాదిలో గాలి నుంచి తీసుకున్న కార్బన్ ఏడాదిలో గాలిలోకి పోయింది. లారీ లేదు, డీజిల్ లేదు, చెట్టు కొట్టలేదు. ఇలాంటి చోట సున్నా అంటే నాకు పేచీ లేదు.

కానీ ప్రతి సీజన్ మొదట్లో చల్లబడిన బాయిలర్‌ని వెలిగించడానికి మాకు కట్టెలే దిక్కు. మిల్లు ఆడితే గాని పిప్పి రాదు, ఆవిరి లేనిదే మిల్లు ఆడదు కదా. అప్పుడు లారీల్లో సరుగుడు, తుమ్మ మొద్దులు దిగేవి. సరఫరాదారులు కాటా ఎక్కే ముందు లోడు మీద నీళ్లు కొట్టించేవాళ్లు. మొద్దు పైన తడి మెరుస్తూనే ఉండేది, కాటా వాడు టన్నులు రాసుకునేవాడు, బిల్లు పాసయ్యేది. ఫర్నెస్‌లో ఆ నీళ్లు మరగబెట్టే పని మాది. కట్టెతో వ్యాపారంలో కాగితం ఒకటి చెబుతుంది, పొయ్యి ఒకటి చెబుతుంది. నేను కాగితాన్ని తేలిగ్గా నమ్మకపోవడానికి కారణం అదే.

వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి వాళ్ల నిపుణుల సంఘం, ఐపీసీసీ, ఇచ్చిన పట్టికలోనే ఉంది. ఒక గిగాజౌల్ వేడి కోసం కట్టె కాలిస్తే దాదాపు 112 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, బిట్యుమినస్ బొగ్గు కాలిస్తే దాదాపు 95 కిలోలు. అంటే చిమ్నీ దగ్గర చూస్తే కట్టెదే ఎక్కువ. మరి సున్నా ఎక్కణ్ణించి వచ్చింది? చెట్టు కొట్టిన దేశం ఆ నష్టాన్ని అడవులు, భూముల పద్దు కింద రాసుకుంటుంది కాబట్టి, అదే కార్బన్‌ని విద్యుత్తు పద్దులో రెండోసారి రాయనక్కర్లేదు అన్నారు. దేశాల లెక్క రెండుసార్లు పడకుండా పెట్టుకున్న ఏర్పాటు అది. అంతే తప్ప పొగ రావడం లేదని ఎవరూ అనలేదు. దాన్ని తెచ్చి ఒక ప్లాంటుకో ఫ్యాక్టరీకో సర్టిఫికెట్‌లా తగిలించడంతోనే చిక్కు మొదలైంది.

ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్‌లోని డ్రాక్స్ ప్లాంటుని చూడండి. ఒకప్పుడు పెద్ద బొగ్గు ప్లాంటు. నాలుగు యూనిట్లను కట్టె పెల్లెట్లకు మార్చారు. ఆ పెల్లెట్లు అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి ఓడల్లో వస్తాయి. పొగ ఇంగ్లండ్‌లో, పద్దు ఇంకో దేశంలో. మనింటి ఖర్చు తీసుకెళ్లి బావమరిది పుస్తకంలో రాసి, ఈ నెల మాకు పైసా ఖర్చు కాలేదని చెప్పుకున్నట్టుంది. పైగా అక్కడి ప్రజలు కరెంటు బిల్లుల్లో దీనికి సబ్సిడీ కడుతున్నారు. 2024 ఆగస్టులో, కెనడా పెల్లెట్ల వివరాలు సరిగా ఇవ్వలేదన్న వ్యవహారంలో ఆ కంపెనీ 2.5 కోట్ల పౌండ్లు కట్టాల్సి వచ్చింది. గట్టి నియంత్రణ సంస్థ ఉన్న చోటే కట్టె ఎక్కడిదో చెప్పే కాగితాల గతి అలా ఉంటే, మన సంగతి చెప్పేదేముంది?

అమెరికాలో ఇది కోర్టుల దాకా పోయింది. బయోమాస్ ప్లాంట్ల కార్బన్‌కి మూడేళ్లు అనుమతుల నుంచి మినహాయింపు ఇస్తూ 2011లో అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ ఉత్తర్వు ఇచ్చింది. 2013లో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు దాన్ని కొట్టేసింది. ఈ మధ్యలో, 2012లో, ఆ సంస్థకే సలహాలిచ్చే శాస్త్రవేత్తల బోర్డు బయోమాస్ అంతటినీ ముందే సున్నా అనుకోవడం కుదరదని చెప్పింది. ఏ కట్టె, ఎక్కడిది, మళ్లీ పెరగడానికి ఎన్నాళ్లు పడుతుంది అన్నదాన్ని బట్టి లెక్క మారుతుందన్నారు. ఇంత తేలికైన మాటని 2018లో అదే సంస్థ పక్కన పెట్టి, పద్ధతి ప్రకారం నిర్వహించే అడవుల కట్టెని సున్నాగానే చూస్తామని ప్రకటించింది. శాస్త్రం మారలేదు, కుర్చీలో మనిషి మారాడు.

ఇక మన దగ్గరికి వద్దాం. కేంద్ర విద్యుత్ శాఖ 2021 అక్టోబరులో విధానం తెచ్చింది, 2023 జూన్‌లో సవరించింది. ఆ సవరణ ప్రకారం బొగ్గు ప్లాంట్లు 2024-25 నుంచి 5 శాతం, 2025-26 నుంచి 7 శాతం పెల్లెట్లు కలపాలన్నారు. అసలు ఈ ఆలోచనకి మూలం పంజాబ్, హర్యానాల్లో వరి కొయ్యకాళ్లు తగలబెట్టడం, ఢిల్లీని కమ్మేసే పొగ. ఢిల్లీకి 300 కిలోమీటర్ల లోపు ప్లాంట్ల కోసం 2023లో విడిగా నిబంధనలు కూడా పెట్టారు. అక్కడ అది సబబే. ఎలాగూ పొలంలో తగలబడే గడ్డి బాయిలర్‌లో కాలితే మేలే కదా.

సబ్బవరం, కొత్తవలస వైపు పోయి చూడండి, వరిగడ్డిని ఎవరు తగలబెడుతున్నారు? ఇంటి వెనక గడ్డిమేటు ఉంటేనే గేదెల్ని పెంచగలరు. మా వీధిలో పాలు పోసే ఆవిడది సబ్బవరం అవతల ఊరు. సొంత పొలం లేదు, గడ్డి కొనుక్కుంటుంది. "గడ్డి రేటు ఇలా పెరిగితే పాలమ్మి ఏటి మిగుల్తాది బాబూ" అంటుంది, ఇంకా మన దగ్గర పెల్లెట్ ఫ్యాక్టరీల గిరాకీ మొదలవకుండానే. మెషీన్‌తో కోసిన చోట కొంత గడ్డి పొలంలోనే పాడవుతున్న మాట నిజం. అది ఎంత, ఏ మండలంలో అన్నది తేల్చాక కదా కోటా పెట్టాల్సింది.

పరవాడ సింహాద్రి ప్లాంటునే తీసుకుందాం. జిల్లా విడిపోయాక అది అనకాపల్లిలోకి వెళ్లిందిగానీ దాని చిమ్నీలు గాజువాక వాళ్లకి రోజూ కనిపించేవే. ఒక్కోటి 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 2,000 మెగావాట్లు. పూర్తి లోడు మీద నడిస్తే రోజుకి 4.8 కోట్ల యూనిట్ల కరెంటు. యూనిట్‌కి 700 గ్రాముల బొగ్గు అనుకున్నా 33 వేల టన్నుల పైమాటే. అందులో 5 శాతం అంటే 1,600 టన్నులకు పైగా పెల్లెట్లు, ఒక్క రోజుకి. ఎకరాకి రెండు టన్నుల గడ్డి లెక్కేసుకుంటే 800 ఎకరాల గడ్డి మొత్తం, గేదెకి ఒక్క పరక మిగల్చకుండా. ఏడాదిలో 300 రోజులు నడిస్తే రెండు లక్షల నలభై వేల ఎకరాలు. ఒక్క ప్లాంటుకే ఇంత. పాలవలస దగ్గర ఇంకో 1,040 మెగావాట్ల ప్లాంటు ఉండనే ఉంది.

ఒకవేళ గడ్డి దొరికినా బాయిలర్ దాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోదు. వరిగడ్డిలో సిలికా, పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. బూడిద తొందరగా కరిగి, ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటర్ ట్యూబుల మీద గాజులా అంటుకుంటుంది. అలా గట్టిపడిన బూడిద దిమ్మని, క్లింకర్‌ని, షట్‌డౌన్‌లో లోపలికి దూరి గడ్డపారతో కొట్టినవాణ్ణి. దిమ్మ ఊడి పడితే కింద ఉన్నవాడి కాలు విరుగుతుంది. బొగ్గు పొడి చేసే మిల్లులో పెల్లెట్లు వేస్తే నిప్పంటుకోకుండా వేడిగాలి తగ్గించుకోవాలి. ఇవన్నీ ఇంజినీర్లు సర్దుకోగల విషయాలే, కాదనను. సర్దుకోవడం కష్టమైనప్పుడు మాత్రం ఎవరైనా తేలికైన సరుకు వైపు చూస్తారు. బూడిద తక్కువ, క్లింకర్ తక్కువ, ఏడాది పొడుగునా దొరికేది ఏది? కట్టె.

మన రాష్ట్రంలో ఇది ఒకసారి జరిగిందే. ఇరవై పాతికేళ్ల కిందట ఊక మీద నడుపుతామని జిల్లాల్లో చిన్న చిన్న బయోమాస్ ప్లాంట్లు లేచాయి. ఊకకి గిరాకీ పెరిగి రేటు పైకెళ్లింది, సర్కారు తుమ్మ దాకా పాకారు. 2004లో విద్యుత్ నియంత్రణ మండలి ఇచ్చిన టారిఫ్ ఉత్తర్వు మీద తగాదా మొదలై, 2010లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంధనం గిట్టక ఎన్నో మూతపడ్డాయి. ఈసారి అడిగేది చిన్న ప్లాంట్లు కాదు, వేల మెగావాట్లవి.

మా తోడల్లుడికి ఎస్.రాయవరం మండలంలో సరుగుడు తోట ఉంది. మూడు నాలుగేళ్లకి కోతకి వస్తుంది, పేపరు మిల్లు వాళ్లు కొంటారు. ఇంకో కొనుగోలుదారు వస్తే రేటు పెరుగుతుందని ఆయన సంతోషం ఆయనది, రైతుగా అది న్యాయమే. తోట మళ్లీ వేస్తే నాలుగేళ్లలో కార్బన్ తిరిగి చేరుతుంది కూడా. వేయకపోతే? అక్కడ రొయ్యల చెరువు తవ్వితే, ప్లాట్లు వేస్తే? చిమ్నీ దగ్గర రాసిన సున్నా మాత్రం చెరగదు. ఈ సరుగుడు పొయ్యిలోకి పోతే పేపరు మిల్లు కట్టె కోసం ఇంకో చోటికి పోతుంది. అది ఎవరి లెక్క?

ఇప్పుడు ఈ సున్నాకి ధర కూడా రాబోతోంది. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించారు, 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ల (కార్బన్ తగ్గించినందుకు వచ్చే, అమ్ముకోగలిగే పత్రాల) వ్యాపారానికి పథకం నోటిఫై చేశారు. 2026 జనవరి నుంచి యూరప్ వాళ్లు తమ దేశాల్లోకి వచ్చే ఉక్కు, అల్యూమినియం, సిమెంటు వంటి సరుకు మీద పన్నులాంటి కార్బన్ భారం అసలుగా మొదలుపెట్టారు. రేపు ప్రతి ఫ్యాక్టరీకీ 'కార్బన్ లేని ఇంధనం' కావాలి. బొగ్గు తగ్గించి కట్టె కాల్చి, కాగితం మీద సున్నా చూపించి, దాన్ని అమ్ముకోవచ్చంటే ఏజెన్సీ కొండల దాకా లారీలు వెళ్లకుండా ఆపేదెవరు?

నేను విధానాన్ని ఎత్తేయమనడం లేదు. పిప్పి, ఊక, జీడిపిక్కల తొక్కలు, మొక్కజొన్న బెండ్లు, పత్తి కట్టె నిజంగా మిగిలిన చోట తప్పకుండా కాల్చండి. వాటికి సున్నా రాసుకోండి, కాకపోతే పెల్లెట్ చేయడానికి అయిన కరెంటు, లారీ డీజిల్ కార్బన్‌ని మాత్రం లెక్కలో కలపండి. చెట్టు కొట్టిన కట్టెకి మాత్రం చిమ్నీ దగ్గర వచ్చిన కార్బన్‌ని ఉన్నదున్నట్టు విడి పద్దులో చూపించాలి. మళ్లీ నాటినట్టు, పెరిగినట్టు రుజువైన మేరకే దాన్ని తగ్గించాలి. ప్రతి ప్లాంటు నెలనెలా ఏ సరుకు, ఎన్ని టన్నులు, ఏ మండలం నుంచి, తేమ ఎంత అన్నది వెబ్‌సైట్‌లో తెలుగులో పెట్టాలి. పశువుల మేతకి పోను మిగులు ఎంతో వ్యవసాయ శాఖ జిల్లాలవారీగా తేల్చేవరకు ఉత్తరాంధ్రలో వరిగడ్డిని కోటాలో లెక్కించకూడదు.

అడిగే హక్కు మనకి ఎందుకుందంటే, పెల్లెట్ల వల్ల పెరిగే ఖర్చుని టారిఫ్‌లో కలుపుకోవచ్చని ఆ విధానంలోనే రాశారు. చివరికి అది మన కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ బిల్లులో మనమే కడతాం. వచ్చే టారిఫ్ విచారణలో నియంత్రణ మండలికి నా అభ్యంతరం రాతపూర్వకంగా ఇస్తున్నాను: మన డిస్కంలు (పంపిణీ సంస్థలు) కొనే కరెంటులో ఏ ప్లాంటు ఏ బయోమాస్ ఎంత కాల్చింది, దానికి యూనిట్‌కి ఎన్ని పైసలు పడింది, అందులో కట్టె వాటా ఎంత? పాడి రైతు సంఘాలు, సరుగుడు రైతులు కూడా అదే విచారణకి వచ్చి వాళ్ల లెక్క వాళ్లు చెబితే బాగుంటుంది. అభ్యంతరం ఇవ్వడానికి లాయరు అక్కర్లేదు, తెల్ల కాగితం మీద తెలుగులో రాసినా తీసుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత బాయిలర్ ఫోర్‌మన్,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం