అదనపు లైట్లన్నిటినీ ఒకే గాటన కట్టవద్దు: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

కార్లకు అదనంగా బిగించే లైట్ల గురించి చర్చ వచ్చినప్పుడల్లా, అన్నిటినీ పీకించాలనే వాదనో, చూసీచూడనట్టు వదిలేయాలనే ధోరణో వినిపిస్తుంది. ఏ లైటు ఏ పనికి ఉద్దేశించినదో అమ్మేవారికీ, నడిపేవారికీ, తనిఖీ చేసేవారికీ స్పష్టంగా తెలియకపోవడమే ఈ రెండింటికీ మూలం. కాబట్టి కొత్త నిషేధాలకు ముందు ఈ తేడాలను లైసెన్సు పరీక్షలోనూ, వాహన తనిఖీలోనూ చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ముందువైపు ఫాగ్ లైటునే తీసుకోండి. దాని వెలుగు దూరం పోకూడదు. వెడల్పుగా, చదునుగా పరుచుకుని, పై అంచు గీత గీసినట్టు తెగి, రోడ్డు అంచులను దగ్గరగా చూపాలి. పొగమంచులో హై బీమ్ వేస్తే నీటి బిందువులు ఆ వెలుగును తిరిగి డ్రైవరు కళ్లలోకే చిమ్ముతాయి కనుక, ఫాగ్ లైటును కిందుగా అమరుస్తారు. అనేక దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 48వ వాహన నిబంధన ప్రకారం కార్లలో అది నేల నుంచి 250 మిల్లీమీటర్లకు తగ్గకుండా, 800 మిల్లీమీటర్లకు మించకుండా ఉండాలి. దాన్నే తీసుకెళ్లి కారు పైకప్పు మీద బిగిస్తే ప్రయోజనం పోయి ఇబ్బంది మాత్రం మిగులుతుంది. ఇక పసుపు రంగు మంచును చీల్చుకుపోతుందన్న నమ్మకం చాలా మందిలో ఉంది గానీ, మంచు బిందువులు కాంతి తరంగాల కంటే ఎంతో పెద్దవి కావడంతో రంగు మార్చినంత మాత్రాన వెలుగు చెదరడం పెద్దగా తగ్గదు. కొందరి కళ్లకు పసుపు హాయిగా ఉండవచ్చు, అది వేరే సంగతి.

దీనికి పూర్తిగా భిన్నమైనవి డ్రైవింగ్ లైట్లు. ఇవి హై బీమ్‌కు తోడుగా వెలుగును ఇరుకుగా, చాలా దూరం పంపుతాయి కాబట్టి, డ్రైవరు డిమ్ చేసిన క్షణంలోనే హై బీమ్‌తో పాటు ఇవి కూడా ఆరిపోయేలా వైరింగ్ ఉండాలి. నా అభిప్రాయంలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది: విడి స్విచ్ పెట్టి బిగించిన డ్రైవింగ్ లైటు, హెడ్‌లైటు డిమ్ చేసిన తర్వాత కూడా వెలుగుతూ ఎదుటివారిని గుడ్డివారిని చేస్తుంది. పై అంచు తెగని ఎల్‌ఈడీ బార్లు కూడా అంతే. వాటి చోటు రోడ్డు లేని నేల మీదే, రోడ్డెక్కగానే వాటికి ముసుగు తొడగాలి. హాలోజన్ బల్బు కోసం చేసిన గూట్లో ఎల్‌ఈడీ బల్బు పెట్టినప్పుడూ, వెలుగు పుట్టే చోటు కాస్త జరిగినా బీమ్ ఆకారం చెడి, సరైన లైటే తప్పుడు లైటుగా మారుతుంది.

వెనుకవైపు ఎర్ర ఫాగ్ లైటు మామూలు వెనుక లైటు కంటే ఎన్నో రెట్లు తీక్షణమైనది. దాన్ని బ్రేక్ లైటుగా పొరబడకుండా, రెండింటి మధ్య 100 మిల్లీమీటర్లకు పైగా దూరం ఉండాలని అదే 48వ నిబంధన చెబుతోంది. జర్మనీలోనైతే పొగమంచు వల్ల 50 మీటర్ల లోపే కనిపించే పరిస్థితి ఉంటే తప్ప దాన్ని వేయడానికి వీల్లేదు. మలుపుల్లో పక్కకు వెలుగిచ్చే కార్నరింగ్ లైట్లతో పెద్దగా పేచీ లేదు. ఐరోపా సమాఖ్య 2011 నుంచి కొత్త కారు నమూనాలకు తప్పనిసరి చేసిన, పగలు ముందువైపు వాటంతటవే వెలిగే పగటి లైట్లతో మాత్రం ఒక చిక్కుంది: ముందు వెలుగు కనిపిస్తోంది కదా అని సంధ్య వేళ హెడ్‌లైట్లు వేయడం మరిచిన డ్రైవరు, చాలా కార్లలో వెనుక లైట్లు వెలగడం లేదని గమనించడు.

ఐక్యరాజ్యసమితి నిబంధనల కింద ఆమోదం పొందిన లైటు అద్దం మీద దాని రకం అక్షరాల్లో ముద్రించి ఉంటుంది: ముందు ఫాగ్ లైటుకు ‘బి’ లేదా ‘ఎఫ్3’, హై బీమ్ రకానికి ‘ఆర్’, పగటి లైటుకు ‘ఆర్‌ఎల్’. ఈ అక్షరాల అర్థాన్నీ, ఆ లైటును ఎప్పుడు వేయాలో, ఎప్పుడు వేయకూడదో అన్నదాన్నీ కొనేవారి భాషలో పెట్టె మీద ముద్రించాలని తయారీదారులను ఆదేశించండి. తనిఖీ కేంద్రాల్లో కారును గోడకు ఎదురుగా నిలిపి, హై బీమ్ వేయించి, వెంటనే డిమ్ చేయించి, ఇంకా ఏయే డ్రైవింగ్ లైట్లు వెలుగుతున్నాయో చూడమనండి. ఈ పరీక్షకు కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు. మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు వెలువడితే చాలు.

భవదీయుడు,
ఒక వాహన చోదకుడు