'ఎముకలు విరిచే ఆట' అట!

సంపాదకుడు గారికి,

కిందటి వారం మీ ప్రవాసుల పేజీలో సిడ్నీ జూనియర్ రగ్బీ లీగ్ పోటీల గురించి వేసిన వార్త చదివాను. కోపం చల్లారాక రాస్తే మర్యాదగా ఉంటుందని ఇన్నాళ్లు ఆగాను. చల్లారలేదు. 'ఎముకలు విరిచే ఆటలో మన పిల్లలు' అని శీర్షిక పెట్టి, పక్కన రగ్బీ యూనియన్ ఫొటో వేశారు. అది జట్టుకు 15 మంది ఆడే ఆట. లీగ్‌లో 13 మందే. ఇంగ్లండ్‌లో 1895లోనే ఈ రెండూ వేరుపడ్డాయి, సిడ్నీలో 1908 నుంచి లీగ్ పోటీలు జరుగుతున్నాయి. ఆ వార్త రాసినాయన ఒక్క మ్యాచ్ చూసినా ఫొటో మారేది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, వార్త కన్నా దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పి 'మేం ముందే చెప్పాంగా' అన్న మా తెలుగువాళ్ల మీదే నాకు ఎక్కువ మండింది. మా అబ్బాయి ఆడతాడు కాబట్టి ఇక మా ఇంటికి పరామర్శలే పరామర్శలు!

మీరు రాసిన ఆ జూనియర్ పోటీల్లో హెరాల్డ్ మాథ్యూస్ కప్ 17 ఏళ్ల లోపు వాళ్లది, ఎస్.జి. బాల్ కప్ 19 ఏళ్ల లోపు వాళ్లది. బాల్ కప్ 1965 నుంచీ ఉంది. ఆడపిల్లలకు లీసా ఫియావోలా, టార్షా గేల్ కప్‌లు ఉన్నాయి. మీ వార్తలో ఆడపిల్లల ఊసే లేదు. మా పెద్దల లీగ్ జట్టు పెన్రిత్ పాంథర్స్ 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు జాతీయ లీగ్ టైటిళ్లు కొట్టిందంటే, సెయింట్ మేరీస్ లాంటి జూనియర్ క్లబ్బుల్లో పెరిగిన జెరోమ్ లువాయి లాంటి కుర్రాళ్ల చలవే. మేముండేదీ ఆ పశ్చిమ సిడ్నీలోనే.

ఆటలో దెబ్బలు తగలవని నేననను. తగులుతాయి. అయితే రాయాల్సిన సంగతి వేరే ఉంది. తలకు దెబ్బ తగిలి మెదడు అదిరితే (కంకషన్ అయితే) 19 ఏళ్ల లోపు పిల్లలు 14 రోజులు ఏ లక్షణమూ లేకుండా ఉండాలని, కనీసం 21 రోజుల దాకా మళ్లీ మ్యాచ్ ఆడకూడదని ప్రభుత్వ క్రీడా సంస్థ ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ 2024లో చెప్పింది. మరి గ్రౌండ్‌లో జరిగేదేమిటి? మొత్తం సీజన్ రెండు మూడు నెలలే. మూడు వారాలు బయట కూర్చుంటే సెలెక్టర్ల కళ్లలో పడడని తల్లిదండ్రులకు టెన్షన్. 'తలనొప్పి ఉందని ఎవరికీ చెప్పకు' అని కొడుక్కి నూరిపోస్తున్న తండ్రిని నేను చెవులారా విన్నాను. ఆయన తెలుగాయన కాదులెండి, అలాగని మనవాళ్లు తక్కువ తిన్నారనీ కాదు. వినాల్సిన కోచ్ ఆ పక్కనే ఉన్నాడు, ఫోన్ చూసుకుంటున్నాడు. పదహారేళ్ల కుర్రాడు విజిల్ పట్టుకుని రెఫరీగా నిలబడితే, గట్టు మీది పెద్దమనుషులు తిట్టే తిట్లు మీ పత్రికలో అచ్చు వేయలేరు. మొరటుతనం ఎక్కడుందో ఇప్పుడు చెప్పండి.

ఇక ఎండ. పోటీలు మొదలయ్యేది ఫిబ్రవరిలో. ఇక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేసవి, అంటే ప్రాక్టీసంతా నడివేసవిలో. పెన్రిత్‌లో 2020 జనవరి 4న 48.9 డిగ్రీలు నమోదైంది. షెడ్యూలు వేసే అధికారులు మాత్రం ఏసీ గదుల్లో కూర్చుని వేస్తారు కాబట్టి వాళ్లకు ఫిబ్రవరి చల్లగానే ఉంటుంది. పోనీ వాన పడితే మంచిదా అంటే, రెండు చినుకులకే కౌన్సిల్ గ్రౌండు మూసేస్తుంది, తెరవడం మర్చిపోతుంది.

ఖర్చు మాటెత్తితే ఇంకో కథ. మా న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రభుత్వం 2018లో బడి పిల్లలందరికీ ఆటల ఫీజు కోసం వంద డాలర్ల వోచర్ ఇచ్చింది. మరుసటి ఏడాది ఒక వోచర్‌ను రెండు చేసింది. 2024 ఫిబ్రవరి నుంచి ఏడాదికి రెండుసార్లు యాభై డాలర్లు, అదీ పిల్లలున్న కుటుంబాలకు ఆదాయాన్ని బట్టి కేంద్రమిచ్చే సాయం, ఫ్యామిలీ ట్యాక్స్ బెనిఫిట్, అందుకునే ఇళ్లకే. ఆ సాయానికి పెట్టిన ఆదాయ పరిమితి ఆవగింజంత మించినా సున్నా. అద్దె, కరెంటు, పెట్రోలు, ఆపైన బూట్లు, మౌత్‌గార్డు, ఫీజు అన్నీ మేమే భరించాలి. ఉగాది వేడుకలకు వచ్చి, శాలువా కప్పించుకుని, బిర్యానీ తిని 'తెలుగువారు మా బలం' అని వెళ్లే నాయకుల్లో ఒక్కరూ ఈ మాట ఎత్తరు.

మన సంఘాలైనా ఎత్తుతాయా? ప్రవేశ పరీక్ష పెట్టి చేర్చుకునే సెలెక్టివ్ స్కూల్లో సీటొచ్చిన పిల్లవాడికి స్టేజీ మీద సన్మానం, క్రికెట్ ఆడితే జ్ఞాపిక. రగ్బీ లీగ్ ఆడేవాణ్ని మాత్రం 'చదువులో ఎలా ఉన్నాడు పాపం' అని అడుగుతారు. 2021 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు 60 వేల మంది. ఇంతమందిలో నలుగురు పిల్లలు బంతి పట్టుకుని పరిగెత్తితే కొంప మునుగుతుందా?

ఫొటో తప్పు సరిదిద్దుతూ ఒక సవరణ వేయండి. నా ఉత్తరానికి చోటు లేదంటే మానేయండి గానీ, ఆ 21 రోజుల సంగతి మాత్రం పెద్ద అక్షరాల్లో వేయండి. మా గ్రూపులవాళ్లు ఎలాగూ ఫార్వర్డ్ చేస్తారు.

- ఒక పాఠకుడు, వెంట్‌వర్త్‌విల్, సిడ్నీ