కూతకు వెళ్లిన అమ్మాయి పేరు పేపర్లో ఎందుకు లేదు?

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర సమాచార, పౌర సంబంధాల శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. నేను నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. ఆటల గురించిన లేఖ క్రీడా శాఖకు కదా వెళ్లవలసింది అని మీకు అనిపించవచ్చు. మైదానాల గురించి, మ్యాట్ల గురించి అక్కడికి చాలాసార్లు రాశాం. ఇప్పుడు నేను అడుగుతున్నది ఆడపిల్లల ఆట పత్రికల్లోనూ టీవీలోనూ కనబడే తీరు గురించి కాబట్టి మీకు రాస్తున్నాను.

నా దగ్గర ఒక పేపర్ కటింగ్ ఉంది. కొన్నేళ్ల క్రితం జిల్లా స్థాయి పాఠశాల క్రీడల్లో మా బడి బాలికల కబడ్డీ జట్టు గెలిచిన మర్నాడు జిల్లా పేజీలో వచ్చింది. ఫొటోలో ముందు వరుస కుర్చీల్లో తొమ్మిది మంది అతిథులు కూర్చున్నారు. వెనక నిలబడిన మా పిల్లల్లో ముగ్గురికి నుదురు మాత్రమే కనిపిస్తుంది. కింద ఆ తొమ్మిది మంది పేర్లూ హోదాలూ వరుసగా వేసి, ఆఖరున ‘బాలికల విభాగంలో ఈ పాఠశాల జట్టు గెలుపొందింది’ అని ఒక్క వాక్యం రాశారు. ఆట ముగియబోతుండగా కూతకు వెళ్లి, ముగ్గురు కలిసి నడుము పట్టినా నేల మీద పాకుతూ మధ్య గీతకు వేలి కొస తాకించి జట్టును గెలిపించిన తండా అమ్మాయి పేరు అందులో ఎక్కడా లేదు. నోటీసు బోర్డు ముందు నిలబడి, ఆ వార్తలోని ప్రతి వరుస మీదా వేలు పెట్టి రెండుసార్లు వెతుక్కుని, ఏమీ అనకుండా క్లాసుకు వెళ్లిపోయింది. రాష్ట్ర స్థాయి ఎంపికలకు పంపమని అడగడానికి ఇంటికి వెళ్తే వాళ్ల నాయిన, ‘పేపర్ల పేరొచ్చిందా మేడం? నలుగురు అడిగితే ఏం జెప్పి పంపాలె?’ అన్నాడు. ఆయన కూతురి ఆటకు అడ్డుపడే మనిషి కాదు. మైదానానికి వచ్చి చూసినవాడే. ఊరికి చెప్పుకోవడానికి చేతిలో ఒక కాగితం కావాలన్నాడు, అంతే. అదే పేజీలో వాలీబాల్ ఆడిన పక్క ఊరి అబ్బాయికి పేరుతో సహా ఫొటో వచ్చింది. దానికి ఫ్రేము కట్టించి వాళ్ల కిరాణా కొట్లో తగిలించారు. ఆ అబ్బాయి ఎంపికలకు వెళ్లాడు, మా అమ్మాయి వెళ్లలేదు.

చూసేవాళ్లు లేరు కాబట్టే ఆడవాళ్ల ఆటకు చోటు తక్కువ అని పత్రికల వాళ్లూ ఛానళ్ల వాళ్లూ అంటారు. కబడ్డీ చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు. ఆసియా క్రీడల్లో మహిళల కబడ్డీ 2010లో మొదలైంది. ఆ ఏడూ, 2014లోనూ స్వర్ణం మనదే; 2018లో రజతం, ఆ తర్వాత చైనాలోని హాంగ్‌జౌలో మళ్లీ స్వర్ణం. 2012లో పట్నాలో మొదటిసారి జరిగిన మహిళల ప్రపంచ కప్పు, 2025 నవంబరులో ఢాకాలో జరిగిన ప్రపంచ కప్పు కూడా మన జట్టే గెలిచింది. ఇన్ని గెలుపులున్నా 2014లో మొదలై టీవీలో వచ్చే ప్రో కబడ్డీ లీగ్ మగవాళ్లకే పరిమితమైంది. రాత్రి అన్నం తినే వేళకు తెలుగు వ్యాఖ్యానంతో ఆట ఇంట్లోకి వచ్చేసరికి, అంతకుముందు కబడ్డీని పల్లెటూరి ఆటగా తీసిపారేసినవాళ్లే కూతకు వెళ్లే రెయిడర్ల పేర్లు వల్లించారు. అంటే చూపించడం ముందు జరిగింది, చూడటం ఆ తర్వాత వచ్చింది. 2016లో మహిళలకు మూడు జట్లతో ఒక చిన్న పోటీ పెట్టారు కానీ దాన్ని కొనసాగించలేదు. ప్రపంచ కప్పు తెచ్చిన ఆ జట్టులో ఒక్కరి పేరు చెప్పమంటే మా జిల్లా పిల్లలు ఈ రోజుకీ తడుముకుంటారు. క్రికెట్‌లో పట్టుబట్టి చూపించారు కనుకనే మహిళల ప్రీమియర్ లీగ్ మొదటి అయిదేళ్ల ప్రసార హక్కులు 951 కోట్ల రూపాయలు పలికాయి.

రాసే భాష గురించి కూడా ఒక మాట చెప్పాలి. మగవాళ్లు గెలిస్తే ‘భారత్ గెలిచింది’ అని, ఆడవాళ్లు గెలిస్తే ‘అమ్మాయిలు అదరగొట్టారు’ అని శీర్షిక పెడతారు. ముప్పై దాటిన కెప్టెన్ కూడా మన పత్రికల్లో అమ్మాయే. 2017 ప్రపంచ కప్పుకు ముందు మన హైదరాబాద్ మిథాలీ రాజ్‌ను ‘మీకు ఇష్టమైన పురుష క్రికెటర్ ఎవరు?’ అని అడిగితే, మగ క్రికెటర్లను ఇష్టమైన మహిళా క్రికెటర్ ఎవరని అడుగుతారా అని ఆమె ఎదురు ప్రశ్న వేశారు. ఆ ప్రశ్న మన జిల్లా పేజీలకూ వర్తిస్తుంది.

పత్రికలకు ఏం రాయాలో ప్రభుత్వం చెప్పాలని నేను కోరడం లేదు. అయితే మండల, జిల్లా పోటీల వార్తల్లో చాలా భాగం మీ శాఖ జిల్లా కార్యాలయాలు పంపే ప్రకటనలూ ఫొటోల మీదే ఆధారపడుతుంది. విలేకరి ఒక్కడే నాలుగైదు కార్యక్రమాలకు తిరగవలసి వచ్చిన రోజు అందిందే అచ్చవుతుంది. కనుక ఆ ప్రకటనల్లో ముందు స్కోరు, గెలిచిన బాలికల పేర్లు, వారి ఊళ్లు, పాఠశాలలు ఉండాలనీ, అతిథుల పేర్లు ఆ తర్వాతే రావాలనీ, బహుమతి ప్రదానం ఫొటోతో పాటు ఆట నడుస్తుండగా తీసిన ఒక ఫొటో తప్పనిసరిగా పంపాలనీ ఆదేశించండి. దీనికి పైసా ఖర్చు లేదు. రెండోది, రాష్ట్ర ప్రభుత్వం నిర్వహించే సీఎం కప్ పోటీల్లో బాలికల కబడ్డీ, ఖోఖో ఫైనళ్లను ప్రభుత్వ విద్యా ఛానల్ టీ-శాట్‌లో సాయంత్రం పూట, పెద్దవాళ్లు పనుల నుంచి ఇల్లు చేరాక, తెలుగు వ్యాఖ్యానంతో ప్రత్యక్షంగా చూపించే ఏర్పాటు చేయించండి. మధ్యాహ్నం పూట వేస్తే పత్తి చేలల్లో ఉన్న తల్లిదండ్రులు చూడలేరు.

ఈసారి నల్లగొండలో జిల్లా పోటీలు జరిగినప్పుడు నేను మైదానంలో ఉంటాను. ఎప్పటిలాగే ఆడిన పిల్లల పేర్లు, ఊళ్ల పేర్లు తప్పుల్లేకుండా నోటుబుక్కులో రాసి ఉంచుతాను. మీ జిల్లా కార్యాలయం నుంచి ఎవరు వచ్చినా ఆ నోటుబుక్కు వారి చేతికి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు,
నల్లగొండ జిల్లా.