మోషన్ రంగు అడిగిన డాక్టరమ్మకు

నిన్న రాత్రి మా నాన్న మారు అన్నం అడిగి పెట్టించుకున్నారు. ఆ సంతోషంలో రాస్తున్నాను.

నాలుగు నెలలు కడుపులో మంట అంటే గ్యాస్ అనుకున్నాం. అమ్మ ఆవకాయ జాడీని అటక ఎక్కించింది. మెడికల్ షాపులో గ్యాస్ బిళ్ళలు, మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ కొన్నాను. మంట పెట్టేదీ తగ్గించేదీ ఒకే కవర్లో ఇంటికి మోసింది నేనే.

ఆయాసం వస్తోందని ఖమ్మంలో ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరమ్మ ఆ కవర్ టేబుల్ మీద గుమ్మరించమన్నారు. డైక్లోఫెనాక్ అట్ట పక్కకు తీసి, "మోషన్ ఏ రంగులో వస్తోంది?" అన్నారు. నాన్న సిగ్గుపడి నా వంక చూశారు. నన్ను బయటికి పంపి మళ్ళీ అడిగారట. తారులా నల్లగా, వారం నుంచి! అంటే లోపల రక్తం కారుతున్నట్టు. ఐరన్ బిళ్ళలు వాడుతున్నారా అని కూడా కనుక్కున్నారట, వాటికీ నల్లగా వస్తుందని. అప్పటికి రక్తంలో హిమోగ్లోబిన్ 6.8కి పడిపోయింది.

నాన్నది బి నెగెటివ్. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చి రక్తం ఇచ్చిన ఆ ఇద్దరు తమ్ముళ్ళు కనీసం టీ కూడా తాగలేదు. తమ్ముళ్ళూ, మీ ఊరు కూడా అడగలేకపోయాను, ఏమనుకోకండి.

ఎండోస్కోపీలో కడుపులో పుండు కనిపించింది. అక్కణ్ణుంచి తీసిన చిన్న ముక్కను పసుపుపచ్చ జెల్‌లో వేస్తే కాసేపటికి గులాబీ రంగుకి తిరిగింది. కడుపులో పుండ్లు పుట్టించే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందన్నమాట. ఇంకొన్ని ముక్కలు క్యాన్సర్ పరీక్షకు వెళ్ళాయి. ఆ రిపోర్టు వచ్చేదాకా మాకు నిద్ర లేదు. ఏమీ లేదని తేలింది.

1984లో ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్ అనే డాక్టరు ఈ బ్యాక్టీరియాను తానే తాగి కడుపు పాడుచేసుకున్నారని, 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నారని డాక్టరమ్మ చెబితే, అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "అయితే నా ఆవకాయ తప్పేం లేదా?"

కడుపులో యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్‌తో పాటు రెండు యాంటీబయాటిక్స్, 14 రోజులు. నోరంతా చేదని అయిదో రోజే మానేస్తానన్నారు నాన్న. కూతురిలా ఫోన్ చేసి కసిరి మింగించిన సిస్టర్ గారూ, మీ మాటకున్న విలువ ఇంట్లో నా మాటకు లేదు.

ఎనిమిది వారాలకు పుండు మానింది. తర్వాత రెండు వారాలు పాంటోప్రజోల్ ఆపి చేయించిన మోషన్ పరీక్షలో బ్యాక్టీరియా లేదని మొన్ననే వచ్చింది. మోకాళ్ళకు ఇప్పుడు పారాసిటమాల్, వ్యాయామం.

డాక్టరమ్మా, సోమవారం వస్తున్నాం. అమ్మ మీకోసం ఆవకాయ సీసా కడుతోంది, వద్దనకండి.